ఐదు పొరల అంచు

రేకు డబ్బా పై అంచును సన్నని రంపంతో అడ్డంగా కోసి భూతద్దం కింద పెడితే ఐదు పొరలు కనిపిస్తాయి. మూడు మూతవి, రెండు డబ్బా ఒంటివి. మూత రేకు కిందికి దిగి, లోపలికి తిరిగి, మళ్ళీ పైకి మళ్ళుతుంది. ఒంటి రేకు బయటికి వంగి కిందికి దిగుతుంది. ఈ రెండు కొక్కేలు ఒకదానిలో ఒకటి దూరి బిగుసుకుంటాయి. మధ్యలో మిగిలిన సందుల్లో రబ్బరు లాంటి పూత నిండి ఉంటుంది. ఇంత కట్టడమూ సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తు. కొక్కెం ఒక్కొక్కటీ 2 మిల్లీమీటర్లకు అటూఇటూ. టంకం లేదు, జిగురు లేదు, ఒక మేకైనా లేదు. రెండు చిన్న చక్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి అంచును రుద్దుకుంటూ పోతాయి. మొదటిది మడుస్తుంది, రెండోది అదుముతుంది. దీని పేరు డబుల్ సీమ్. పెద్ద ఫ్యాక్టరీల్లో నిమిషానికి వందల డబ్బాలకు ఈ పని జరిగిపోతుంది.

కుక్కకు ఏ డబ్బా కొనాలని ఎవరైనా అడిగితే నేను ఈ అంచు దగ్గరే మొదలుపెడతాను. వాళ్ళు కోడి మాంసమా, పొట్టేలు మాంసమా అని అడగబోతారు. అది తర్వాతి మాట. ఒక డబ్బా ఆరోగ్యకరమా కాదా అన్నది సగం దాని పనితనంలోనే తేలిపోతుంది. మిగతా సగం లోపలి లెక్కలో ఉంటుంది. డబ్బా మీది బొమ్మలో నాలుక చాపి నవ్వే కుక్కకు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

ఐరాల వాళ్ళకు ఈ అంచు కొత్త కాదు. బయటివాళ్ళకు ఐరాల కాణిపాకం వినాయకుడున్న మండలం. ఇక్కడి రైతుకు మాత్రం చెరకు, బెల్లం, మామిడి మండలం. పక్కనే పూతలపట్టు, ఆ వైపు తవణంపల్లె, బంగారుపాళెం, ఇటు చిత్తూరు చుట్టుపక్కల అన్నీ పల్ప్ ఫ్యాక్టరీలు. జూన్, జులై వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు వాటి గేట్ల ముందు రోడ్డు పొడవునా నిలబడతాయి. గుజ్జులో కొంత 215 కిలోల సంచుల్లో, డ్రముల్లో పోతుంది. మిగతాది రేకు టిన్నుల్లో. పెద్ద టిన్ను పేరు ఏ10. అందులో 3.1 కిలోల గుజ్జు పడుతుంది, ఆరు టిన్నులు ఒక అట్టపెట్టె. ఈ టిన్ను కొలతను 603×700 అని రాస్తారు. మొదటి అంకె అంగుళాలు, తర్వాతి రెండూ పదహారో వంతులు. అంటే అడ్డం ఆరు అంగుళాల మీద పదహారింట మూడు వంతులు, ఎత్తు నిండా ఏడంగుళాలు. సీమింగ్ మిషను పక్కన ఒక సీజను నిలబడినవాళ్ళకు తెలుసు, ఈ అంకెల కంటే టిన్ను అంచును ఊడదీసి కొక్కేలను మైక్రోమీటరుతో కొలవడమే అసలు పరీక్షని. రెండు కొక్కేలు ఒకదానిమీద ఒకటి కనీసం 45 శాతం పడాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. మూత కొక్కెం మీద ముడతలుంటే బిగువు చాలలేదని అర్థం. ముడత కంటికి చిన్నదే. గాలికీ నీటికీ మాత్రం అది దారి.

మామిడి టిన్ను, కుక్క టిన్ను పైకి ఒకే జాతివి. లోపలి కథ వేరు. మామిడి గుజ్జుకు దాని పులుపే సగం రక్ష. గుజ్జు పీహెచ్ 4 చుట్టుపక్కల ఉంటుంది. పీహెచ్ 4.6 కంటే తక్కువున్న చోట క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు మొలకెత్తి విషం చేయలేవు. అందుకే గుజ్జును వేడివేడిగా నింపి, మూత బిగించి, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి తీస్తే పని అయిపోతుంది. మాంసం, కాలేయం, నీళ్ళు కలిపిన ముద్దకు ఆ పులుపు లేదు. పీహెచ్ 6 దాకా ఉంటుంది. గాలి లేని, తడి ఉన్న, పులుపు లేని మూసిన డబ్బా అంటే ఆ సూక్ష్మజీవికి అంతకంటే అనువైన తావు ఉండదు. దాని సిద్ధబీజాలు మరిగే నీళ్ళలో గంటలపాటు ఉడికినా బతికి బయటపడగలవు.

వాటిని చంపాలంటే 100 డిగ్రీలు చాలవు, 121 డిగ్రీలు కావాలి. ఆవిరిని ఒత్తిడితో బంధిస్తే గానీ అంత వేడి రాదు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ లోపల కూడా దాదాపు ఆ వేడే ఉంటుంది. ఫ్యాక్టరీ కుక్కర్ పేరు రిటార్ట్. అందులో మూత బిగించిన డబ్బాలను బుట్టలకొద్దీ పెట్టి ఉడికిస్తారు. ఆ 121 డిగ్రీల వేడిలో 3 నిమిషాలు గడిపినంత ఫలితం డబ్బా నట్టనడుమ ఉన్న ముద్దకు అందాలన్నది కనీసపు లెక్క. అంత వేడి తగిలాక లక్ష కోట్ల సిద్ధబీజాల్లో ఒక్కటి మిగలడమూ కష్టమే. తయారీదారులు మామూలుగా ఈ కనీసాన్ని దాటి ఇంకొంచెం పైకే పోతారు. అమెరికాలో ఈ నిబంధన మనుషుల డబ్బాకూ జంతువుల డబ్బాకూ ఒకటే. అంచును అరగంటకు మించకుండా కంటితో చూడాలి, నాలుగు గంటలకు మించకుండా ఊడదీసి కొలవాలి. తినేది కుక్కే కదా అన్న సడలింపు అక్కడ లేదు. నాకు ఈ పనిమీద గౌరవం కలిగింది ఈ ఒక్క విషయం తెలిశాకే.

నట్టనడుమ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. రిటార్ట్ లోపల ఆవిరి వేడి ఎంతుందన్నది సులభంగా తెలుస్తుంది. డబ్బా గుండెకాయలో వేడి ఎంతుందన్నదే కష్టం. ముద్దగా, గట్టిగా ఉన్న పదార్థంలో వేడి పొర నుంచి పొరకు నిదానంగా పాకుతుంది. పెద్ద డబ్బా అయితే గంట దాటినా నడుమకు చేరదు. గ్రేవీలో ముక్కలు తేలే డబ్బాలో ద్రవం తానే కదులుతూ వేడిని మోసుకుపోతుంది కాబట్టి తొందరగా ఉడుకుతుంది. అందుకని కొత్త డబ్బా ఒకటి మార్కెట్లోకి వచ్చేముందు దాని నడుమకు సన్నని ఉష్ణమాపక తీగను గుచ్చి, అన్నింటికంటే నిదానంగా వేడెక్కే చోటు ఏదో పట్టుకుని, ఆ చోటుకు చాలినంత కాలం ఉడికిస్తారు. ఆ ఒక్క చోటు కోసం డబ్బా గోడలకు ఆనుకున్న మాంసం అవసరానికి మించి ఉడకాల్సి వస్తుంది. నడుమను కాపాడుతూ అంచులను పాడుచేయకుండా ఉండటమే ఇందులోని నేర్పు. డబ్బా ఆకారం, ముక్క సైజు, గ్రేవీ చిక్కదనం అన్నీ ఈ ఒక్క బేరంలో భాగాలే.

ఇక్కడే ఒక భ్రమ కూడా పోతుంది. ‘ఇంటి పద్ధతిలో అప్పుడే వండి నింపినది’ అని డబ్బా మీద రాస్తే నమ్మకండి. ఏ మాంసం డబ్బాకైనా అసలు వంట మూత పడ్డాకే. డబ్బానే వంటపాత్ర.

ఉడకడం అయ్యాక చల్లార్చడం ఇంకా సున్నితమైన పని. లోపల ఆవిరి ఉబ్బి ఉంటుంది. బయట ఒత్తిడిని ఒక్కసారిగా వదిలేస్తే మూత ఉబికి, అంచు కదిలిపోతుంది. అందుకే గాలి ఒత్తిడి పట్టి ఉంచుతూనే చల్లటి నీళ్ళు పోస్తారు. వేడిమీద రబ్బరు పూత మెత్తబడి ఉంటుంది. డబ్బా చల్లబడేకొద్దీ లోపల శూన్యం ఏర్పడుతుంది. ఆ క్షణాల్లో అంచు కంటికి కనపడనంత నీటి బొట్టును లోపలికి పీల్చుకోగలదు. ఆ బొట్టులో మురికి ఉంటే అంతసేపు ఉడికించిందంతా వృథా. కాబట్టి చల్లార్చే నీళ్ళలో క్లోరిన్ ఉండాలి. తడి ఆరేదాకా డబ్బాను చేత్తో ముట్టకూడదు. ఒకదానికొకటి గుద్దుకోకుండా, దొర్లుకుంటూ పోవాలి. మామిడి ఫ్యాక్టరీలోనూ ఇదే పద్ధతి.

డబ్బా ఒంటిని కూడా ఒకసారి తడిమి చూడండి. చుట్టూ వలయాలు వలయాలుగా గాట్లు ఉంటాయి. అవి అలంకారం కాదు. రేకు పలచబడేకొద్దీ లోపలి శూన్యానికి గోడలు సొట్టపోతాయి. గాట్లు పెడితే అదే పలచని రేకు నిలబడుతుంది. మూత మీది గుండ్రటి మెట్లు ఉడికేటప్పుడు మూతను పైకి లేవనిచ్చి, చల్లారాక యథాస్థానానికి దించుతాయి. చల్లారిన మంచి డబ్బా మూత కొంచెం లోపలికి గుంటగా ఉండాలి. వేలితో నొక్కితే టక్కుమని ఆడే మూత ఏదో చెబుతోందన్నమాట. రింగు లాగి తెరిచే మూతలో ఇంకో పనితనం ఉంది. గీత రేకును దాదాపు తెంపేదాకా దిగాలి, కానీ తెంపకూడదు. రిటార్ట్ ఒత్తిడికి తట్టుకున్న గీతే చిన్నపిల్లల వేలికి లొంగాలి.

లోపలి పూత సంగతి మామిడి టిన్ను చూసినవాళ్ళకే బాగా తెలుస్తుంది. పండ్ల టిన్నుల్లో లోపల తగరం మెరుస్తూ కనిపించడం మామూలే. తగరం పండు రంగును నిలబెడుతుంది. మాంసం డబ్బాలో అలా వదిలితే మాంసంలోని గంధకం రేకుతో కలిసి నల్లటి మరకలు కడుతుంది. ఆ మరకల వల్ల పెద్ద హాని లేదు గానీ తెరిచినవాళ్ళు హడలిపోతారు. అందుకే మాంసం డబ్బాల లోపల గంధకాన్ని అడ్డుకునే బూడిదరంగు లేదా తెల్లటి లక్కపూత వేస్తారు. ముద్ద డబ్బాకైతే ఆ పూతలో జారుడు గుణం కూడా కలుపుతారు. బోర్లిస్తే ముద్ద ముద్దగా ప్లేటులోకి జారాలి, గోడకు అంటుకోకూడదు. స్పూను పెట్టి గీకాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ పూత సరిగా లేదన్నమాట. ఎవరూ పట్టించుకోని నేర్పు ఇది. నాకు చాలా ఇష్టమైనదీ ఇదే.

డబ్బా చరిత్ర పెద్దదే, కుక్క డబ్బా చరిత్ర చిన్నది. ఫ్రాన్సులో నికొలా అపేర్ గాజు సీసాల్లో ఆహారాన్ని ఉడికించి నిలవచేసే పద్ధతికి 1810లో 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. సూక్ష్మజీవుల వల్లే కుళ్ళుతుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. కుక్కల కోసం డబ్బా మాత్రం 1922లో గానీ అమెరికాలో రాలేదు. కెన్-ఎల్ రేషన్ అనే ఆ డబ్బాలో ఉన్నది గుర్రం మాంసం. ట్రాక్టర్లూ మోటార్లూ వచ్చి గుర్రాలకు పని తప్పిన కాలమది. రెండో ప్రపంచయుద్ధంలో రేకు కరువై, కుక్కలకు డబ్బాలెందుకని ఆపేశారు. ఎండు ఆహారం నిలదొక్కుకున్నది అప్పుడే. మన తెలుగు నేలమీద సిద్దిపేట జిల్లాలో మార్స్ కంపెనీ కర్మాగారం తయారుచేసే గింజల ఆహారం ఆ ఎండు శాఖకు చెందిందే.

ఇక డబ్బాలో ఏముందో చూద్దాం. ముద్ద రకంలో మాంసం, కాలేయం, ఊపిరితిత్తుల లాంటి లోపలి భాగాలు, కొంత ధాన్యం, నీళ్ళు కలిపి రుబ్బుతారు. అది పట్టుకుని నిలబడటానికి గమ్ములు వేస్తారు. అందులో గ్వార్ గమ్ గోరుచిక్కుడు గింజది, మనవైపు మటిక్కాయలంటామే, ఆ గింజ నుంచి వచ్చిందే. లేబుల్‌లో గమ్ పేరు చూసి రసాయనమని బెదిరిపోయేవాళ్ళు మటిక్కాయ తాళింపు రెండుసార్లు వడ్డించుకుంటారు. ముక్కల రకంలో చాలాసార్లు మీరు చూసే ముక్క కోసిన మాంసపు ముక్క కాదు. రుబ్బిన మాంసాన్ని పట్టీగా పరిచి, ఆవిరి సొరంగంలో ఉడికించి, ముక్కలుగా కోసి గ్రేవీలో వేస్తారు. ముక్క విరగకుండా పట్టి ఉంచేది గోధుమ గ్లూటెన్. లోపలి భాగాలు చూసి ముఖం చిట్లించనక్కర్లేదు. బోటీ, కాలేయం ఇష్టంగా తినే రాయలసీమలో ఆ మాట ఎవరికీ చెప్పనవసరం లేదు. కాలేయంలో ఉన్నన్ని విటమిన్లు కండలో లేవు.

ఇందులో కష్టమైన లెక్క కాల్షియం, ఫాస్ఫరస్‌లది. ఉత్త కండమాంసంలో ఫాస్ఫరస్ 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే కాల్షియం పదో పదిహేనో మిల్లీగ్రాములుంటుంది. కుక్కకు కావలసింది కాల్షియం ఫాస్ఫరస్ అంతో, అంతకంటే ఎక్కువో, రెట్టింపు దాటకుండా. ఎదిగే పిల్లకు నెలలపాటు ఎముక లేని మాంసమే పెడితే దాని శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది, కాళ్ళు వంకరపోతాయి. ప్రేమగా కైమా మాత్రమే పెట్టి పెంచిన ఇళ్ళలోనే ఇది జరగడం ఇందులోని విషాదం. మంచి డబ్బా తయారుచేసేవాడు ఎముకపొడితోనో కాల్షియం లవణంతోనో ఆ తూకం సరిచేస్తాడు. పెద్ద జాతి పిల్లలకైతే ఎక్కువైనా ప్రమాదమే. అమెరికా ప్రమాణంలో వాటి ఆహారపు పొడి బరువులో కాల్షియం 1.8 శాతం దాటకూడదు.

మరో నేర్పు విటమిన్ బి1 విషయంలో కనిపిస్తుంది. ఈ విటమిన్ వేడికి ఓర్చుకోదు. రిటార్ట్‌లో గంటసేపు ఉడికితే చాలా భాగం నశిస్తుంది. అందుకే ఉడికాక ఎంత మిగులుతుందో ముందే లెక్కగట్టి, అంత ఎక్కువగా పచ్చి ముద్దలో కలుపుతారు. నిప్పు తినబోయే వాటాను కూడా వంటలో పెట్టడమన్నమాట. ఈ లెక్క తప్పిన డబ్బా చూడటానికి, వాసనకు, రుచికి ఏ లోటూ లేకుండానే ఉంటుంది.

ఇవేవీ కొట్లో నిలబడి చూడలేం కదా అంటారు. నిజమే. చూడగలిగేది లేబుల్. దాన్ని చదవడం ఒక పద్ధతి. ముందు వెతకాల్సింది ‘సంపూర్ణ, సమతుల్య ఆహారం’ అన్న అర్థం వచ్చే మాట, అదీ ఏ వయసు కుక్కకో చెప్పే మాట. పిల్లకా, పెద్దదానికా, రెంటికీనా? ఆ మాట లేకుండా ‘అనుబంధ ఆహారం’ అనో, ‘అప్పుడప్పుడూ పెట్టేది’ అనో ఉంటే అది నంజుకునే సరుకు. నంజుకోడానికి బాగుంటుంది, దానిమీదే కుక్కను పెంచకూడదు. మన కొట్లలో అందంగా వేలాడే చాలా చిన్న పొట్లాలు ఈ జాతివే. మన దేశంలో కుక్కల, పిల్లుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 11968 అనే ప్రమాణం పెట్టింది. కొనే డబ్బా మీద ఏ ప్రమాణం పేరూ కనిపించకపోతే నేనైతే వెనక్కి పెట్టేస్తాను.

తర్వాత నీటి లెక్క. ఒక డబ్బా మీద ప్రోటీన్ 9 శాతం, తేమ 78 శాతం అని ఉంది. పక్కన ఎండు గింజల సంచి మీద ప్రోటీన్ 22 శాతం, తేమ 10 శాతం. చూడగానే సంచి గెలిచినట్టుంటుంది. నీళ్ళు తీసేసి చూడండి. డబ్బాలో 100కు 22 వంతులే గట్టి పదార్థం, అందులో 9 ప్రోటీన్. అంటే దాదాపు 41 శాతం. సంచిలో 90కి 22, అంటే 24 శాతం. అమెరికా ప్రమాణం పెద్ద కుక్కకు అడిగేది పొడి లెక్కన 18 శాతం, పిల్లకు 22.5. రెండూ గట్టెక్కాయి, కానీ వరస తిరగబడింది. ఈ చిన్న భాగహారం చేయకుండా డబ్బాను, సంచిని పోల్చేవాళ్ళ మాట వినకండి. ఇంకో సంగతి. అమెరికాలో 78 శాతం కంటే ఎక్కువ తేమ ఉండాలంటే డబ్బా పేరులో గ్రేవీ, స్ట్యూ లాంటి మాట ఉండి తీరాలి. గ్రేవీ అన్న మాటకు అర్థం రుచే కాదు, నీళ్ళు అమ్ముకోడానికి అనుమతి కూడా.

పేర్లలోనూ చమత్కారం ఉంది. అమెరికా నియమం ప్రకారం ‘కుక్కలకు చికెన్’ అని పేరు పెడితే నీళ్ళు మినహా 95 శాతం చికెన్ ఉండాలి. ‘చికెన్ డిన్నర్’ అంటే 25 శాతం చాలు. ‘చికెన్‌తో’ అంటే 3 శాతం. ‘చికెన్ రుచి’ అంటే కుక్క నాలుకకు తెలిస్తే చాలు. మన కొట్లోకి వచ్చే డబ్బాలన్నీ ఈ నియమానికి కట్టుబడాలని లేదు. అయినా పేరులో మాట పెరిగేకొద్దీ మాంసం తగ్గుతుందన్నది గుర్తుంచుకోదగ్గ సూత్రం. పదార్థాల వరుస బరువును బట్టి ఉంటుంది, బరువు వండకముందుది. పచ్చి కోడిమాంసంలో ముప్పాతిక దాకా నీళ్ళే కాబట్టి అది మొదటి స్థానంలో తేలిగ్గా నిలబడుతుంది.

ప్రోటీన్ అంకెను కూడా పూర్తిగా నమ్మలేం. పరీక్షలో కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తారు. నత్రజని కోడిమాంసంలోంచి వచ్చిందా, తోలులోంచి వచ్చిందా అన్నది ఆ అంకెకు తెలియదు. 2007 మార్చిలో కెనడాకు చెందిన మెను ఫుడ్స్ 6 కోట్లకు పైగా డబ్బాలను, పౌచ్‌లను మార్కెట్ నుంచి వెనక్కి పిలిచింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో ప్రోటీన్ ఎక్కువగా కనిపించడానికి నత్రజని నిండిన మెలమిన్ కలిపారు. మూత్రపిండాలు చెడి కుక్కలు, పిల్లులు చచ్చిపోయాయి. ఆ డబ్బాల అంచులు బాగానే ఉన్నాయి, రిటార్ట్ బాగానే పనిచేసింది, లేబుల్ మీది అంకె కూడా సరిపోయింది. సరుకు కొన్నచోటే మోసం. ఎంత గొప్ప పనివాడైనా తనకు అందిన సరుకుకు లోబడే ఉంటాడు. అందుకే తయారీ ఎక్కడో, ఏ దేశందో, ఫిర్యాదు చేయడానికి చిరునామా ఏదో డబ్బా మీద స్పష్టంగా ఉండటాన్ని నేను పోషక విలువల పట్టికతో సమానంగా చూస్తాను.

ఇప్పుడు ఐరాల కుక్క సంగతి. మనవైపు కాపలా కుక్క తినేది సంగటి. మిగిలిన పులుసు, అడుగంటిన మజ్జిగన్నం, ఆదివారం ఎముకలు. సంగటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే ఉంది. ఏ ధాన్యంలోనూ అంత లేదు. కానీ ప్రోటీన్ 7 గ్రాముల చిల్లర మాత్రమే. కుక్కకు కావలసిన 18లో అది సగానికీ చాలదు. పైగా ఆ కాల్షియంలో కొంత ఫైటేట్లతో ముడిపడి ఒంటికి అందదు. కాబట్టి ఒట్టి సంగటితో పెరిగిన కుక్క బతుకుతుంది, మొరుగుతుంది, కానీ వెంట్రుక పెళుసుబారి, వెన్నుమీద కండ నిలవదు. మిగిలిన పులుసులో ఉల్లిపాయ ఉందంటే అది వేరే బెడద. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనుషుల కోసం చేసిన మాంసం డబ్బాలు, చేపల డబ్బాలు కుక్కకు పెట్టొద్దనడానికి ఉప్పుతో పాటు ఇదీ కారణం. గ్రేవీల్లో ఉల్లిపొడి ఎక్కడ దాగుందో తెలియదు.

మరి సంగటి మానేసి డబ్బాలే పెట్టాలా? లెక్క వేయండి. 15 కిలోల నాటు కుక్కకు రోజుకు సుమారు 850 కిలోక్యాలరీలు కావాలి. డబ్బా ఆహారంలో ముప్పాతికకు పైగా నీళ్ళే కాబట్టి 100 గ్రాములకు 90 కిలోక్యాలరీలు రావడం మామూలు. 400 గ్రాముల డబ్బాలు రెండు తిన్నా ఆ కుక్క కడుపు లెక్కప్రకారం నిండదు. నెలకు అరవై డబ్బాలు కొనే ఇల్లు మన మండలంలో ఎన్ని ఉంటాయి? నగరంలో రెండు కిలోల బొచ్చుకుక్కకు ఆ లెక్క కుదురుతుంది. ఇక్కడ డబ్బా ఉపయోగపడేది వేరే చోట్ల. పళ్ళు ఊడిన ముసలిదానికి, జ్వరంతో నోరు పెట్టనిదానికి, నీళ్ళు సరిగా తాగనిదానికి, మాత్ర మింగించాల్సినదానికి. ఆకలి మందగించిన కుక్కకు డబ్బాను గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేచి అది మూతి పెడుతుంది. మామూలు రోజుల్లో సంగటి మీద ఉడికిన గుడ్డు, ఒక గరిటె డబ్బా ముద్ద చాలు అని నా అభిప్రాయం. మూత్రపిండాల జబ్బు, క్లోమం వాపు ఉన్న కుక్కల విషయంలో మాత్రం అభిప్రాయాలు పనికిరావు. ఊళ్ళో పశువుల డాక్టరునో, 1955 నుంచి డాక్టర్లను తయారుచేస్తున్న తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రినో అడగాలి.

కొట్లో ఇప్పుడు డబ్బాల కంటే పౌచ్‌లే ఎక్కువ. పౌచ్‌ను తక్కువ చేయను. పాలిస్టర్, అల్యూమినియం రేకు, పాలీప్రొపిలీన్ పొరలు అతికించిన ఆ సంచి కూడా రిటార్ట్‌లో 121 డిగ్రీలు తట్టుకుంటుంది. మన దేశంలో ఈ పద్ధతిలో సైనికుల భోజనాలు తయారుచేసింది మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల. పలచగా ఉంటుంది కాబట్టి నడుమకు వేడి తొందరగా చేరుతుంది, అంచులు మాడవు. లోపం వేరేచోట ఉంది. దాని పైఅతుకు కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు. నింపేటప్పుడు అక్కడ ఒక మాంసపు పోగు చిక్కుకున్నా అతుకు పట్టదు. కొనేముందు ఆ అతుకు వెంబడి వేలు పోనిచ్చి చూడండి, ముడత గానీ పొక్కు గానీ తగలకూడదు.

డబ్బాకైతే చూడాల్సింది అంచు. ఒంటి మీద చిన్న సొట్ట పరవాలేదు. అంచు మీద సొట్ట, నిలువు అతుకు మీద సొట్ట, తుప్పు పట్టి గోటికి పెచ్చు లేచే చోటు ఉంటే కొనొద్దు. సగం ధరకు ఇస్తామన్నా కొనొద్దు. రెండువైపులా ఉబ్బిన డబ్బాను వాసన చూడ్డానికి కూడా తెరవొద్దు. కుక్కకే కాదు, వీధిలో వేరే జంతువుకూ అందకుండా పారేయాలి. పెద్ద డబ్బా చవకని తీసుకుంటారు గానీ కుక్క ఒక పూట తినేంత సైజే మేలు. తెరిచాక మిగిలింది మూతపెట్టిన స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. మన ఏప్రిల్ ఎండల్లో ప్లేటులో వదిలేసింది గంట దాటితే తీసేయడమే. అంతదాకా సంగటే తిన్న కుక్కకు ఒక్కసారిగా డబ్బా పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. వారంపాటు రోజుకో గరిటె చొప్పున పెంచండి. పెంటలో తేడా కనిపిస్తే రెండు రోజులు వెనక్కి తగ్గి, మళ్ళీ మొదలుపెట్టండి.